గోడకు డ్రిల్లు పెట్టకముందే

మార్చి వచ్చిందంటే ఏసీలు బిగించేవాళ్లకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఒకపక్క డీలరు ఫోను, ఇంకోపక్క కస్టమరు ఫోను. బిగింపుకు ఇంత అని కూలి కాబట్టి ఎన్ని ఇళ్లు పూర్తయితే అంత డబ్బు. ఈ హడావుడిలో చాలామంది పని వరస ఒకేలా ఉంటుంది. ఇంట్లోకి అడుగు పెట్టగానే గోడ చూస్తారు, ప్లేటు కొలుస్తారు, డ్రిల్లు తీస్తారు. ఇండోర్ వేలాడదీసి, అవుట్‌డోర్‌ను స్టాండు మీదికి ఎక్కించి, రాగి గొట్టాలు కలిపి, ఆ తర్వాత కరెంటు సంగతికి వస్తారు. అప్పటికి మధ్యాహ్నం దాటిపోతుంది, తర్వాతి ఇంటివాళ్లు ఫోను మీద ఫోను చేస్తుంటారు. మిగిలిన ఆ అరగంటలో వైరింగు చుట్టబెట్టేస్తారు.

ఈ వరసను తిరగెయ్యాలన్నది నా మాట. కరెంటు పాయింటు చూడటం మొదటి పని కావాలి. దీనికి కారణం విద్యుత్ శాస్త్రంలో లేదు, మన మొహమాటంలో ఉంది. గోడకు కన్నం పడ్డాక, గొట్టాలు లాగాక, "సార్, మీ ఎర్తింగు బాగాలేదు, నేను కలపను" అనే ధైర్యం ఎవరికీ రాదు. ఇంటాయన ఒప్పుకోడు, డీలరు ఊరుకోడు, చేసిన పనికి కూలి రాదు. అదే డ్రిల్లు సంచిలో ఉండగా చెప్పారనుకోండి, ఎవరికీ నష్టం లేదు. కాబట్టి మీటర్ తీసి పాయింటు చూసేదాకా డ్రిల్లు సంచిలోంచి బయటికి రాకూడదు.

ముందు ఆ పాయింటుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి. ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను ఉండాలి, మధ్యలో ఇంకేదీ దానిమీద ఆధారపడకూడదు. 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ పూర్తి బరువు (లోడు) మీద సుమారు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. ఎండ మండిపోయే రోజున ఇంకాస్త పైకి పోతుంది. దీనికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉంటే నిశ్చింత. దూరం తక్కువై, యంత్రం 1 టన్నుదో 1.5 టన్నులదో అయితే 2.5 కూడా మోస్తుంది. అంతకంటే సన్నటి వైరు గోడలో ఉందంటే ఆ ఇంట్లో ముందు ఎలక్ట్రీషియన్ పని ఉంది, ఏసీ పని తర్వాతే. వైరు కొన మీద ఐఎస్ 694 అన్న ముద్ర ఉందో లేదో చూడండి. ఒక కొన గీకి చూస్తే పైన రాగి రంగు, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటి వైరు మీద ఏసీ పెట్టొద్దు.

ఎంసీబీ కాపాడేది ఏసీని అని చాలామంది అనుకుంటారు. అది ముఖ్యంగా కాపాడేది గోడలో ఉన్న వైరును. అందుకే వైరును బట్టి ఎంసీబీ ఉండాలి: 2.5 వైరుకు 16 ఆంపియర్లు, 4 వైరుకు 20 ఆంపియర్లు పెట్టుకుంటే తప్పు జరగదు. యంత్రంతో వచ్చిన పుస్తకం ఇంకోలా చెబితే ఆ పుస్తకం మాటే వినాలి, దానికి సరిపడా వైరు ఉందో లేదో చూసుకుని. పాత రకం ఏసీల్లో కంప్రెసరు ఎత్తుకునేటప్పుడు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు ఒక్క క్షణం లాగుతుంది. అందుకే సీ రకం వాడతారు. రాసి ఉన్న అంకెకు 5 నుంచి 10 రెట్లు దాటితేనే అది వెంటనే పడుతుంది. వేసవి మధ్యలో ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పిలిచిన ఇంట్లో 16 తీసేసి 32 పెట్టి వచ్చేవాళ్లున్నారు. అప్పుడు ఎంసీబీ పడదు. దాని బదులు గోడలో వైరు కాగుతుంది, బయటికి ఏమీ కనపడదు. పడిపోతోందంటే దానికి ఒక కారణం ఉంది, ఆ కారణాన్నే వెతకండి. ఇంకొకటి, వీలైతే ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ కోసే డబుల్ పోల్ ఎంసీబీనే అడగండి. సింగిల్ పోల్ ఉన్నచోట ఎవరైనా వైర్లు తారుమారు చేసి ఉంటే, ఎంసీబీ దించినా యంత్రం నిండా కరెంటు ఉంటుంది.

ఇంటివాళ్లతో మాట ఇలా నడుస్తుంది సాధారణంగా. "పక్కనే గీజరు పాయింటుంది కదా బాబూ, దానికే కలిపెయ్. మా బావమరిది ఇంట్లో అలాగే కలిపారు, ఏమీ కాలేదు" అంటాడు పెద్దాయన. "సార్, గీజరు ఒక్కటే 2,000 వాట్లు. ఏసీ ఇంకో 1,500. రెండూ కలిసి నడిస్తే ఆ వైరు మీద 15 ఆంపియర్లు దాటుతుంది. పాత వైరు అంత మొయ్యలేదండీ. విడిగా లైను లాగించండి, రేపు పొద్దున్నే వచ్చి బిగించి వెళ్తాను" అని చెప్పాలి. ఇలా అంకెలతో చెబితే చాలామంది వింటారు. "రూల్స్ ఒప్పుకోవు సార్" అంటే మాత్రం బేరం మొదలవుతుంది.

ఇక మీటర్ తీయండి. మూడు కొలతలు కావాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఇంట్లో సామాన్లు నడుస్తుండగా ఈ మూడో కొలత కచ్చితంగా సున్నా వస్తే సంతోషించకండి. సాకెట్లోనే ఎవరో న్యూట్రల్‌నూ ఎర్తునూ చిన్న ముక్క వైరుతో కలిపి ఉండొచ్చు. ఎర్తు లేని ఇళ్లలో చేసే అతి ప్రమాదకరమైన పని ఇది. మీటర్ చూస్తే అన్నీ సరిగ్గానే చూపిస్తుంది. ఏదో ఒకరోజు వెనక ఎక్కడో న్యూట్రల్ తెగుతుంది, ఆ క్షణాన ఏసీ ఇనుప ఒళ్లంతా ఫేజు అవుతుంది. కవరు విప్పితే ఆ ముక్క కనపడుతుంది. కనపడితే అక్కడితో పని ఆపండి.

ఆ తర్వాత గీజరో ఇస్త్రీపెట్టో ఆన్ చేయించి మళ్లీ కొలవండి. బరువు పడగానే వోల్టేజి పది వోల్టులకు మించి దిగిందంటే ఎక్కడో జాయింటు లూజుగా ఉండొచ్చు. మూడు ఫేజుల మీటరున్న ఇంట్లో ఒక ఫేజు మీద బరువు వేస్తే ఇంకో ఫేజులో వోల్టేజి పెరిగిందంటే న్యూట్రల్ లూజైపోయిందన్నమాట. అది పూర్తిగా ఊడితే ఇళ్లలోని సామాన్ల మీద వోల్టేజి 415 వైపు పోతుంది. టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీ బోర్డులు ఒక్క దెబ్బకు కాలిపోయేది ఇలాగే.

ఎర్తు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. డిజిటల్ మీటర్ దాదాపు కరెంటు లాగకుండానే కొలుస్తుంది. అందుకే తుప్పు పట్టి దారప్పోగంత మిగిలిన ఎర్తు తీగ మీద కూడా అది నిక్షేపంగా 230 చూపిస్తుంది. నిజంగా లీకేజి వచ్చినప్పుడు ఆ తీగ మీదుగా పోవాల్సిన కరెంటు పోదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూస్తారు. వెలుగు తగ్గితే ఎర్తు నీరసం అని లెక్క. ఆలోచన సరైనదే కానీ ఇందులో ఒక ప్రమాదముంది. ఎర్తు మధ్యలో తెగి ఉంటే, మీ బల్బు గుండా ఫేజు ఆ తీగలోకి పోయి ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌కూ వాషింగ్ మిషన్‌కూ ఎక్కుతుంది. ఆ క్షణంలో వంటింట్లో ఎవరైనా ఫ్రిజ్ తలుపు తీస్తే? అందుకే బల్బు పద్ధతి వదిలేసి లూప్ టెస్టరుతో కొలవండి. ఒక్కొక్కరు కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

తెలంగాణలో, రాయలసీమలో రాతినేల. ఎర్తు గుంత తవ్వేటప్పుడు మూడు అడుగులకే బండ తగులుతుంది, అక్కడే ఆపేస్తారు. ఐఎస్ 3043 ప్రకారం గొట్టపు ఎర్తుకు సుమారు రెండున్నర మీటర్ల గొట్టం నిలువునా దిగాలి. దిగని చోట ఇంకో గుంత తవ్వి రెండూ కలపాలి, లేదా బెంటొనైట్ లాంటి తేమ పట్టే మట్టితో నింపాలి. మే నెలలో నేల ఎండిపోయి ఎర్తు బలహీనపడుతుంది, సరిగ్గా ఏసీలు రాత్రింబవళ్లు నడిచే రోజుల్లోనే. గుంతలో బకెట్ నీళ్లు పోయమని ఇంటివాళ్లకు చెప్పడం చిన్న మాటే, చెప్పి రండి.

ఎర్తు లేకుండా ఇన్వర్టర్ ఏసీ నడిపితే ఏమవుతుందో కస్టమర్లే చెబుతారు: "అవుట్‌డోర్ ముట్టుకుంటే జివ్వుమంటోంది." బోర్డులో ఉండే ఫిల్టరు కెపాసిటర్లు ఇనుప ఒంటికి కాస్త కరెంటు వదులుతుంటాయి. ఎర్తు ఉంటే అది నేలకు పోతుంది. లేకపోతే ఆ ఒళ్లు సుమారు సగం వోల్టేజి మీద నిలబడుతుంది. అది ప్రాణం తీసేంత కరెంటు కాదు. కానీ ఎర్తు లేదని యంత్రం చెబుతున్న కబురది. నిజమైన లీకేజి వచ్చినప్పుడు జివ్వుమనడంతో ఆగదు. చెమటతో తడిసిన ఒంటి నిరోధం 1,000 ఓమ్‌లనుకుంటే 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. 10 దాటితేనే వేళ్లు బిగుసుకుని పట్టుకున్నది వదలలేం. 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడే ఆర్‌సీసీబీ పెట్టమని అనడం అందుకే. ఏసీ లైనుకు "A" టైపు ఆర్‌సీసీబీ మంచిది, ఇన్వర్టర్ బోర్డుల లీకేజిని అది సరిగ్గా పసిగడుతుంది. నాలుగైదు ఏసీలకు కలిపి ఒక్కటే పెడితే వాటి చిల్లర లీకేజీలన్నీ కూడి ఊరికే పడిపోతుంది, విసుగొచ్చి ఇంటివాళ్లు దాన్ని పీకేయిస్తారు. ఒక్కోదానికి విడిగా పెట్టించండి.

ఇంత చూశాక పని మొదలుపెట్టండి. కరెంటు ఆపడం దగ్గర లైన్‌మెన్ నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా వాళ్లు స్తంభం ఎక్కరు. మనకూ అలాంటిదే ఒకటి కావాలి. ఎంసీబీ దించి, దానిమీద టేపు అంటించి, "పని జరుగుతోంది" అని రాసి, ఇంట్లో పెద్దవాళ్లకు నోటితో చెప్పాలి. పాత ఫ్యూజు బోర్డయితే ఫ్యూజు పీకి మీ జేబులో వేసుకోండి. కరెంటు పోయింది కదా అని ఎంసీబీ దించకుండా పని చేయొద్దు, కోత ఎప్పుడు ముగుస్తుందో ఎవరికి తెలుసు? పైగా ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీలున్నాయి. మెయిన్ దించినా కొన్ని వైర్లలో అది ప్రాణం నింపుతూనే ఉంటుంది. ఆ ఇన్వర్టర్ ఏయే పాయింట్లకు పోతోందో అడిగి తెలుసుకోండి. మేడ మీద సోలార్ పలకలున్న ఇళ్లూ పెరుగుతున్నాయి, అదీ అడగండి.

చొక్కా జేబులో ఉండే టెస్టర్ స్క్రూడ్రైవర్ మీద ప్రాణం పెట్టొద్దు. అందులో బల్బు పోయినా వెలగదు, కరెంటు లేకపోయినా వెలగదు. రబ్బరు చెప్పులు వేసుకుని చెక్క నిచ్చెన మీద నిలబడితే మసగ్గా వెలిగి ఎండలో కనపడదు. మీటర్‌తో ముందు కరెంటున్న సాకెట్ కొలవండి, తర్వాత మీరు పని చేయాల్సిన చోట కొలవండి, మళ్లీ ఆ సాకెట్‌కు వెళ్లి కొలవండి. మధ్యలో మీటరే చచ్చిపోలేదని అప్పుడే నమ్మకం.

వైర్ల రంగుల దగ్గర మన దేశంలో ఒక చిక్కుంది. గోడలోని వైరింగులో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు, నలుపు న్యూట్రల్. ఏసీతో వచ్చే తీగలోనేమో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్. అంటే గోడలోంచి వచ్చిన నీలం ఫేజు కావచ్చు, యంత్రంలోంచి వచ్చిన నీలం న్యూట్రల్. నీలానికి నీలం కలిపే చెయ్యి ఇక్కడే మోసపోతుంది. పచ్చ, పచ్చపసుపు చారల వైరు ఒక్కటే రెండుచోట్లా ఎర్తు. మిగతావి రంగు చూసి కలపకూడదు, కొలిచి కలపాలి.

ఇండోర్ నుంచి అవుట్‌డోర్‌కు పోయే వైర్లు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటాయి. అవుట్‌డోర్ కవరు లోపలి వైపు బొమ్మ అంటించి ఉంటుంది, ఫోనులో ఫొటో తీసుకుని దాని ప్రకారమే చేయండి. నిన్న బిగించిన కంపెనీ వరస ఇవాళ పనికిరాదు. ఇన్వర్టర్ ఏసీల్లో ఎల్, ఎన్ కాక ఎస్ అని ఒక వైరుంటుంది, రెండు బోర్డులూ మాట్లాడుకునేది దానిమీదే. ఎల్‌నూ ఎస్‌నూ తారుమారు చేసి కరెంటిస్తే బోర్డు అక్కడికక్కడే కాలే ప్రమాదముంది, ఆ ఖర్చు చివరికి మీ తలమీదికే వస్తుంది. చలికాలంలో వేడిగాలి కూడా ఇచ్చే హాట్ అండ్ కోల్డ్ ఏసీలు ఆదిలాబాద్, అరకు వైపు తగులుతాయి. ఇన్వర్టర్ కాని పాత రకంలో వీటికి గ్యాసు దారి మళ్లించే వాల్వు కాయిల్‌కు ఒక వైరు అదనంగా పోతుంది. అది తప్పుగా కలిస్తే చల్లగాలికి నొక్కినప్పుడు వేడి, వేడికి నొక్కినప్పుడు చల్లగాలి రావచ్చు. అందుకని ఇలాంటి యంత్రాన్ని రెండు పద్ధతుల్లోనూ నడిపి చూశాకే దిగండి.

రెండు వేసవులు నడిచాక విప్పిన ఇండోర్ టెర్మినల్‌ను దగ్గరగా చూస్తే వైరింగు ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. మూడు స్క్రూల్లో రెండు మెరుస్తుంటాయి, మూడోది నల్లబడి ఉంటుంది. దానికింద ప్లాస్టిక్ మెత్తబడి కుంగి ఉంటుంది, వైరు తొడుగు వేలెడు మేర పెళుసై నొక్కగానే రాలుతుంది. ఆ స్క్రూ లూజుగా ఉండిపోయింది, అంతే. లెక్క చూడండి. 2.5 వైరు 20 మీటర్ల దూరం వెళ్లి వస్తే మొత్తం నిరోధం సుమారు 0.3 ఓమ్. 8 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి 19 వాట్లు, అదీ 40 మీటర్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి చేతికి కూడా తెలియదు. లూజు స్క్రూ దగ్గర 0.5 ఓమ్ వచ్చిందనుకోండి, 32 వాట్లు. అంతా వడ్లగింజంత చోట. రేడియో బాగుచేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే, అది సీసాన్ని కరిగించేస్తుంది. ఆ ఐరన్‌ను రాత్రంతా టెర్మినల్‌కు ఆనించి ఉంచితే ఏమవుతుందో ఈ స్క్రూ దగ్గరా అదే అవుతుంది.

అందుకని కొన తయారీకి టైము పెట్టండి. తొడుగును పళ్లతో కొరికో, బ్లేడుతో గుండ్రంగా కోసో తీస్తే నాలుగైదు పోగులు తెగిపోతాయి, వైరు అక్కడ సన్నబడుతుంది. స్ట్రిప్పర్ వాడండి. కన్నంలో పట్టడం లేదని పోగులు కత్తిరించడం ఎన్నడూ చేయకూడని పని. కొనకు సరైన సైజు లగ్గు పెట్టి క్రింపింగ్ టూల్‌తో నొక్కండి, కటింగ్ ప్లేయరుతో కాదు. కొనను సోల్డరు చేసి స్క్రూ కింద పెడితే గట్టిగా ఉంటుందనుకుంటారు. స్క్రూ ఒత్తిడికి సోల్డరు మెల్లగా కుంగి, కొన్నాళ్లకు మళ్లీ లూజవుతుంది. స్క్రూ బిగించాక తొడుగు దానికింద నలగకూడదు, రాగి బయట కనపడకూడదు. ప్రతి వైరునూ పట్టుకుని ఒకసారి లాగండి. కదిలితే మళ్లీ చేయండి. ఎర్తు వైరును మిగతావాటికంటే అంగుళం పొడవు ఉంచండి. ఎవరైనా కేబుల్ లాగినా అది చివర్లో ఊడాలి. ఆ తర్వాత క్లాంపు బిగించండి. కేబుల్ బరువు స్క్రూల మీద కాక క్లాంపు మీద పడాలి.

ఇండోర్‌కూ అవుట్‌డోర్‌కూ మధ్య కేబుల్ ఒకే ముక్కగా ఉండాలి. ఒక మీటరు తక్కువైందని మెలితిప్పి నల్ల టేపు చుట్టి గోడ కన్నంలోకి తోసేస్తే, వానాకాలంలో ఆ కన్నంలోకే నీళ్లు చేరతాయి. పొడవు చాలకపోతే కొత్త కేబుల్ తెప్పించండి. అవుట్‌డోర్‌లోకి వెళ్లే చోట రేకు అంచు కత్తిలా ఉంటుంది, రబ్బరు బుష్ లేకుండా కేబుల్ దూర్చొద్దు. కంప్రెసరు అదురుకు ఒక్క ఏడాదిలో తొడుగు కోసుకుపోతుంది. లోపలికి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి వంపు తిప్పండి, వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. మిగిలిన సందులు పుట్టీతో మూయండి. బల్లులు, చీమలు వెచ్చదనం కోసం బోర్డు మీదికి చేరి షార్టవడం మన ఊళ్లలో రోజూ చూసేదే. విశాఖ, కాకినాడ తీరాల్లో ఉప్పుగాలికి స్క్రూలు పచ్చబడతాయి, అక్కడ ఏడాదికోసారి విప్పి చూసుకోవాల్సిందే.

గ్యాసు పనికీ కరెంటు పనికీ మధ్య ఒక కట్టడి ఉంది. వాక్యూమ్ పంపు నడుస్తున్నంతసేపూ ఏసీ ఎంసీబీ కిందికే ఉండాలి. పంపుకు వేరే సాకెట్ వాడుకోండి. లోపల వాక్యూమ్ ఉన్నప్పుడు కంప్రెసరుకు కరెంటిస్తే పిన్నుల మధ్య నిప్పురవ్వ దూకి చుట్ట కాలిపోతుంది. గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ కరెంటును ఆపే బలం కూడా తగ్గుతుంది కాబట్టి. లీకేజి చూసి, వాల్వులు తెరిచి, సబ్బునురగతో నట్లు పరీక్షించాకే కరెంటు. ఇప్పుడొచ్చే ఏసీల్లో ఎక్కువ ఆర్-32 గ్యాసు, దానికి కొద్దిగా మండే గుణం ఉంది. కొన్నింట్లో ఆర్-290 ఉంటుంది, అది ప్రొపేన్. మన వంటగ్యాసు సిలిండరులో ఉండేదాంట్లో అదీ ఒకటి. గదిలో గ్యాసు లీకై ఉన్నప్పుడు స్విచ్చు వేసినా తీసినా రవ్వ పుడుతుంది. కిటికీలు తెరిచి కాసేపు ఆగండి.

ఆపేసిన ఇన్వర్టర్ అవుట్‌డోర్‌ను వెంటనే విప్పడం ఇంకో ప్రమాదం. 230 వోల్టులు లోపల డీసీగా మారి 320 నుంచి 380 దాకా పెద్ద కెపాసిటర్లలో నిలవుంటుంది. ఎంసీబీ దించి పది నిమిషాలు ఆగి, మీటర్‌ను డీసీలో పెట్టి కెపాసిటరు కాళ్ల మధ్య కొలిచి, పూర్తిగా దిగిందని చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసి ఖాళీ చేసే అలవాటున్నవాళ్లు కళ్లు కాపాడుకోవాలంటే అది మానాలి.

వైర్లు కలపడానికి వంగేది చాలాసార్లు మూడో అంతస్తు సజ్జ మీద. హెల్పరు నడుం పట్టుకోవడాన్ని భద్రత అనరు. ఒంటి నిండా పట్టే బెల్టు, అది కట్టడానికి గట్టి చోటు, ఈ రెండూ లేకపోతే ఆ పని ఒప్పుకోవద్దు. బాల్కనీ ముందు 11 కేవీ లైను పోతుంటే ఇంకా జాగ్రత్త. నిబంధనల ప్రకారం గోడకూ ఆ తీగకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లుండాలి. చేతిలో మూడు మీటర్ల రాగి గొట్టం ఉన్న మనిషికి ఆ దూరం ఏ మూలకు? గొట్టపు చుట్టను గదిలోనే విప్పి, లోపలి నుంచి బయటికి కొద్దికొద్దిగా పంపండి. మేడ మీద నిలబెట్టి తిప్పకండి.

ఏసీ ఎత్తుకున్నాక అప్పుడే చెయ్యి కడుక్కోకండి. పావుగంట పూర్తి వేగంతో నడవనివ్వండి. క్లాంప్ మీటర్‌ను ఒక్క ఫేజు వైరుకే తొడిగి ఆంపియర్లు చూసి, యంత్రం మీదున్న పలకతో పోల్చండి. తర్వాత మిల్లీ ఆంపియర్లు చూపే క్లాంపు ఉంటే ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి దాని నోట్లో పెట్టండి. వెళ్లినంతా తిరిగి వస్తే దాదాపు సున్నా చూపాలి, మిగులు ఉంటే అది లీకేజి. ప్లగ్గు, ఎంసీబీల పైముఖం తాకి చూడండి, గోరువెచ్చన పరవాలేదు, చురుక్కుమంటే విప్పాల్సిందే. ఆర్‌సీసీబీ మీద టీ అని రాసి ఉన్న మీట నొక్కి పడుతుందో లేదో ఇంటివాళ్ల ఎదుటే చూపించండి, నెలకోసారి నొక్కమనండి.

కొలతలన్నీ ఇన్‌స్టలేషన్ కాగితం మీద రాయండి: మూడు వోల్టేజులు, ఆంపియర్లు, వైరు సైజు, ఎంసీబీ. టెర్మినల్ కవరు మూయకముందు ఒక ఫొటో తీయండి. ఆరు నెలలకు ఏదైనా కాలి "మీరు సరిగ్గా బిగించలేదు" అన్న మాట వచ్చినప్పుడు మీ పక్షాన మాట్లాడేవి ఇవే. పాయింటు బాగాలేదని తిరిగొచ్చిన రోజున కూడా అంతే, కారణం కాగితం మీద రాసి ఇంటాయనకు ఒకటి, డీలరుకు ఒకటి ఇవ్వండి. డీలర్లకు నేను చెప్పేదేమిటంటే, అలా తిరిగొచ్చిన పిల్లాడికి రాకపోకల ఖర్చు ఇవ్వండి. ఇవ్వకపోతే రేపు వాడు ఎర్తు చూడటం మానేస్తాడు.

గోడలో కొత్త లైను లాగడం, బోర్డు మార్చడం ఏసీ టెక్నీషియన్ పని కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం అది లైసెన్సున్న కాంట్రాక్టరు చేయించాల్సింది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసినవాళ్లు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు నుంచి వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకుంటే ఈ పనిలోకి వాళ్లు ధైర్యంగా రావచ్చు. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద 2 లక్షల ప్రమాద బీమా వస్తుంది, బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్లవాళ్లందరికీ. మీకూ మీ హెల్పరుకూ కట్టించండి.

ఆ హెల్పరుకు ఇంకొకటి కూడా నేర్పాలి. మీకు షాక్ కొడితే వాడు మిమ్మల్ని పట్టుకోకూడదు. ముందు పరిగెత్తి ఎంసీబీ దించాలి, అది అందకపోతే ఎండిన కర్రతో వైరును నెట్టాలి. 108కి ఫోను చేయించాలి. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య రెండు చేతులూ పెట్టి కనీసం 5 సెంటీమీటర్లు కుంగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా నొక్కాలి. ఏ ఇంటికి వెళ్లినా ఎంసీబీ ఎక్కడుందో నిచ్చెన వేసే ముందే వాడికి చూపించండి.